చిన్నబ్బ ఇంటి గురక

కొండకు పోయి సామిని చూడకుండా దిగొచ్చే ఆడమనిషి తిరపతిలో తానొక్కతే అయ్యుంటాదని అనుకునింది రెడ్డెమ్మ. అనుకోంగానే నవ్వొచ్చింది, నవ్వుతో బాటే భయమూ వచ్చింది, ఎదురుగా ఉండే ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకునింది. పొద్దున్నే ఇంట్లో పని ముగించుకోని, మొక్కుండాదని అత్తకు అబద్ధం చెప్పి, పైకి పోయే బస్సెక్కి, తిరుమల బస్టాండులో దిగి, గోపురం ఉండే దిక్కుకు తిరిగి, "సామీ, ఈపొద్దు నిన్ను చూసే తీరిక నాకు లేదు, నా మొగుణ్ణి చూసుకోవాల, ఏమీ అనుకోవద్దు" అని చెంపలేసుకోని, ఎండ నడినెత్తికొచ్చి దిగేదాకా ఆడనే కొళాయి కట్ట మీద కూచోనుండింది. మొగుడు మునికృష్ణ తోలే బస్సు వచ్చింది, ఖాళీ అయింది, మళ్ళా నిండింది. నిండకముందే, అందరికంటే ముందెక్కి డ్రైవరుకు ఎడం పక్క, ఇంజను పెట్టెను ఆనుకోని ఉండే సీట్లో కూచునింది. ఎందుకంటే ఆడినుంచి మొగుడి మొగం పక్కనుంచి కనపడతాది, నెత్తి మీద అద్దంలో కండ్లూ కనపడతాయి. "ఏందే, నువ్వీడుండావు?" అన్నాడు మునికృష్ణ తన తలుపు తీసి ఎక్కతా. "మొక్కుండె, తీర్చుకున్న్యా." "దర్శనం బాగయిందా?" "బో బాగయింది." సామి కొండ మీద సామి పేరుతోనే అబద్ధం, అదీ ఒకే పొద్దులో రెండోది. ఆయన నవ్వి, సీట్లో సర్దుకోని కూచోని, స్టీరింగుకు దండం పెట్టుకోని బండి తీసినాడు.

ఆమెకు కావాల్సింది ఒకటే. ఈ మనిషి స్టీరింగు ముందర కునుకు తీస్తాడా, తీయడా. డాక్టరమ్మ తీస్తాడనింది. ఆయన తీయనని కూతురు మహిత మీద ఒట్టేసినాడు. ఎవరి మాట నిజమో తన కండ్లతో చూసేదానికి వచ్చింది. తీయకపోతే నోరు మూసుకోని ఇంటికి పోయి వంట చేసుకోవాల. తీసినాడంటే మాత్రం, కింద బస్టాండులో బండ్లు పంపే కంట్రోలరు గంగాధరం ముందర నిలబడి, అన్నా, ఈయన చేతికి బండీయబాక అని చెప్పేయాల, మొగుడు జన్మలో మళ్ళా తనతో మాట్లాడకపోయినా సరే. వారం దినాలుగా పొయ్యి ముందర, బావి కాడ, పూజ గూట్లో దీపం పెడతా పెడతా ఈ మాటనే తిప్పి తిప్పి అనుకునింది. అనుకున్నంత సులభమా? ఘాట్ డ్రైవరు మునికృష్ణ పెండ్లాం అని వీధిలో అందరూ ఆమెను పిలిచేది. పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ.

టోలుగేటు దాటినాక బండి ముక్కు కిందికి దించింది. ఇంజను గొంతు మారింది, గేరు తగ్గించినాడు, కిందికి దిగేటప్పుడు బ్రేకు కంటే గేరును నమ్మాలని ఆయన ఎన్నిసార్లు చెప్పినాడో. మొదటి మలుపు, రెండో మలుపు, ఎడమకు కొండ, కుడికి లోయ, మళ్ళా తిరగబడి ఎడమకు లోయ, కుడికి కొండ. కండక్టరు జుల్ఫికర్ టికెట్లు చూసుకోని వచ్చి, "అలిపిరి దాకా ఒక్కరూ లేవరు వదినా, క్యూలో నిలబడీ నిలబడీ వచ్చినోళ్ళు" అని నవ్వి వెనక్కి పోయినాడు. రెడ్డెమ్మ వెనక్కి తిరిగి చూసింది. నిజమే. బస్సు నిండా గుండ్లు. చందనం పూసిన గుండ్లు, చిన్న గుండ్లు, పెద్ద గుండ్లు, ఒకరి భుజం మీద ఒకరివి వాలిపోయినాయి. చేతికి దర్శనం టోకెను పట్టీ ఇంకా విప్పని ఒక ముసలాయన నోరు తెరుచుకోని నిద్రపోతా ఉండాడు, ఆయన ఒళ్ళో లడ్డు కవరు, కవరులోనుంచి నెయ్యి వాసన, యాలక్కాయ వాసన. కిటికీలోంచి వచ్చే గాలి చల్లగా, జోల పాడినట్టే ఉండాది. తిన్నాక వచ్చే మధ్యాన్నపు మత్తు, మలుపుల ఊపు, ఇంజను రొద. ఇంతమందికి నిద్ర పట్టిన బస్సులో నిద్ర పోగూడని మనిషి ఒకడే. రెడ్డెమ్మకు లేచి అందరినీ తట్టి లేపాలనిపించింది.

అద్దంలో ఆయన కండ్లు తెరిచే ఉండాయి. ఎర్రగా ఉండాయి గానీ తెరిచే ఉండాయి. కండ్ల కింద ఆ వాపు ఎప్పటినుంచో? పెండ్లి ఫోటోలో లేదు. పెండ్లప్పుడు ఎంత సన్నగా ఉండె, మెడ ఇంత లావు యాడిది, ఇప్పుడు చొక్కా పైగుండీ పెట్టుకుంటే ఊపిరాడదని తీసేస్తాడు. పెండ్లి సంబంధం అనంగానే రెడ్డెమ్మకు పలమనేరు పక్కన తన ఊరూ, తన నాయనా గుర్తుకొచ్చినారు. పిల్లోడి ఇల్లు చూసేదానికి పోయినప్పుడు నాయన చూసింది ఆస్తీ కాదు, జాతకమూ కాదు. వీళ్ళు కాఫీలు తాగతా కూచోనుంటే లోపల గదిలో నుంచి పెద్ద గురక వినపడిందంట. అది పిల్లోడి నాయన చిన్నబ్బది. వియ్యంకుళ్ళు వచ్చినారు లేవయ్యా అని పెండ్లాం పోయి తట్టినా లేవలేదంట ఆ మనిషి. ఇంకొకడైతే ఎంత మర్యాద లేని ఇల్లని లేచొచ్చేసుండేవాడు. రెడ్డెమ్మ నాయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటా అన్నాడు, "బిడ్డా, ఆ ఇంట్లో మనసులో కల్మషం లేదు. అంత నిద్ర పట్టాలంటే ఒకరికి చెడుపు చేసుండగూడదు, ఒకరి సొమ్ము తినుండగూడదు. మంచి నిద్ర పట్టే ఇల్లు, కండ్లు మూసుకోని చేసుకో." ఆ నాయనకు నిద్ర పట్టేది కాదు పాపం, రాత్రంతా గొడ్ల కాడ తిరిగేవాడు. తనకు లేనిది బిడ్డకు దొరికిందని మురిసిపోయినాడు.

పెండ్లయి వచ్చిన మొదట్లో రెడ్డెమ్మ అనుకునింది, ఏమబ్బా ఇది, ఇల్లా, రైలు స్టేషనా? ఒక గదిలో మామ, ఇంకో గదిలో కొడుకు. ఒకరు లాగితే ఒకరు వదలతారు. అత్త మాత్రం వసారాలో హాయిగా పడుకోని, పొద్దున్నే పక్కింటోళ్ళతో గొప్పగా చెప్పేది, "మా ఇంట్లో మొగోళ్ళకు తల దిండు తాకితే చాలు. మాత్రలు మింగి నిద్రపోయే కర్మ మాకు పట్టలేదు తల్లీ." గురక తగ్గిందంటే ఆమెకు దిగులు. కొడుక్కు ఎవరి కన్నో తగిలిందని ఉప్పూ మిరక్కాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడంటే ఇంట్లో చెంబు చప్పుడు కాగూడదు, మహిత గట్టిగా చదవగూడదు, వీధిలో కూరగాయలోడు అరిస్తే అత్త పోయి గదమాయించేది. రెడ్డెమ్మ మొదట్లో పక్కనే పడుకునేది. తర్వాత చెవుల్లో దూది పెట్టుకోని పడుకునేది. తర్వాత, ఇంక నా వల్ల కాదురా దేవుడా అని చాప తీసుకోని వంటింట్లోకి పోయింది. ఎవరూ తప్పు పట్టలేదు. మొగోడు బాగా నిద్రపోతా ఉండాడు కదా, ఆడది యాడ పడుకుంటే ఏమి.

బండి నెమ్మదించింది. అక్కగార్ల గుడి, దారి కాచే అమ్మవార్లది. ఘాట్‌లో ఏ డ్రైవరైనా అక్కడ బండి ఆపకుండా పోడు. జుల్ఫికర్ దిగిపోయి కర్పూరం వెలిగించి హారతి తెచ్చినాడు, సాయిబు అయితే ఏమి, పదేండ్లుగా ఆ పని వాడిదే, వేరే వాళ్ళు తెస్తే మునికృష్ణకు నచ్చదు. ఆయన రెండు చేతులతో మంట మీది వేడి తీసుకోని కండ్లకద్దుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు. రెడ్డెమ్మ సీట్లోంచి ముందుకు వంగింది. దండం పెట్టుకునేదానికి మూసినాడా, మూసుకుపోయినాయా? తెరిచినాడు. అమ్మయ్య. బొట్టు పెట్టుకోని, ఆమె దిక్కు చూసి, "నువ్వూ తీసుకో" అన్నాడు. ఆయన గొంతు వినంగానే ఎందుకో ఏడుపొచ్చింది, కొంగుతో మొగం తుడుచుకోని కర్పూరం పొగ మీద నెట్టేసింది.

ఈ గుబులంతా మొదలయింది మొగుడి రక్తపోటు చూపించుకునేదానికి పోయిన పొద్దు. టౌనులో ఒక డాక్టరమ్మ, బక్కగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మందులు మార్చీ మార్చీ పోటు దిగకపోతే ఆమెకు ఏమనుమానం వచ్చిందో, మునికృష్ణ మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. టైలరు మాదిరి కొలుస్తాదేందని వీళ్ళిద్దరూ మొగాలు చూసుకున్నారు. "గురక పెడతారా?" "పెడతాను, మా వంశమే అంత" అన్నాడు ఆయన, గొప్పగానే. "మీరు చెప్పండమ్మా" అని రెడ్డెమ్మ దిక్కు తిరిగింది ఆమె. "ఆయన్ని అడిగి లాభం లేదు. నిద్రపోయే మనిషికి తన నిద్ర సంగతి తెలీదు, పక్కన మేలుకున్న మనిషికే తెలుస్తుంది. గురక మధ్యలో ఆగుతుందా? ఆగి, కాసేపటికి ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంటారా?" పక్కన మేలుకున్న మనిషి ఎప్పుడో వంటింట్లోకి పోయింది కదా. సిగ్గేసింది. ఏదో ఒకటి చెప్పాలని, "చానా మంచి నిద్ర డాక్టరమ్మా, ఒక కల గూడా రాదు, పడుకోంగానే పడతాది" అనింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "పడుకోగానే పట్టేది మంచి నిద్ర కాదమ్మా. అది ఆకలి. బాగా ఆకలేసినవాడు కంచం ముందు ఆగుతాడా? ఈయనకు ఎన్నేళ్ళుగానో నిద్ర అందడం లేదు."

ఆమె చెప్పిన తీరు రెడ్డెమ్మకు అట్లే గుర్తుండిపోయింది. పడుకున్నప్పుడు గొంతు వెనక కండ వదులైపోతుందంట, మెడ లావైనవాళ్ళకు ఆ కండ గాలి దారికి అడ్డం పడుతుందంట. సగం మూసుకుంటే గురక. మొత్తం మూసుకుంటే ఊపిరే లేదు. ఊపిరి ఆగి రక్తంలో గాలి తగ్గిపోతా ఉంటే మెదడు హడలిపోయి మనిషిని ఒక్క కుదుపు కుదిపి లేపుతుందంట. గాలి తీసుకోని మళ్ళా పడిపోతాడు. తనకు మెలకువ వచ్చిందని కూడా తెలీదు. రాత్రంతా ఇదే తంతు. "మీ బండి రాత్రి డిపోకు పోతే ఏం చేస్తారు?" అని ఆయన్నే అడిగింది. "కడగతారు, ఆయిలు చూస్తారు, బ్రేకులు బిగిస్తారు" అన్నాడు. "మెకానిక్కు బండి కింద దూరగానే ఎవరో వచ్చి ఇంజను స్టార్ట్ చేసి పోతూ ఉంటే?" అని అడిగి మళ్ళా తనే చెప్పింది డాక్టరమ్మ. "లోతు నిద్రలో ఒళ్ళు బాగవుతుంది. కలలొచ్చే నిద్రలో మనసు సర్దుకుంటుంది. మీరు ఆ రెండు చోట్లకూ పోయేలోపలే మీ ఊపిరి మిమ్మల్ని వెనక్కి లాగేస్తోంది. పోటు ఎందుకు దిగుతుంది? గుండె రాత్రంతా పరుగులో ఉంది. షుగరూ ఇట్లాగే వస్తుంది. పగలు కూర్చున్నచోట కునుకు వస్తుంది." ఆ తర్వాత కలం పక్కన పెట్టి, "బండి నడుపుతూ ఎప్పుడైనా వచ్చిందా?" అనింది. "లేదు" అన్నాడు మునికృష్ణ, అడిగిన మాట పూర్తి కాకముందే. "వచ్చి ఉంటుంది. మీకు తెలిసి ఉండదు. వేలూరు ఆస్పత్రికి పోండి, ఒక రాత్రి వైర్లు తగిలించి చూస్తారు. ముక్కుకు గాలి మిషను పెట్టుకుంటే, ఒళ్ళు తగ్గితే, మళ్ళీ మనిషవుతారు. అంతవరకూ స్టీరింగు ముట్టుకోవద్దు."

బయటకొచ్చి పడీ పడీ నవ్వినాడు. గురక జబ్బయితే మా ఊర్లో సగం మంది ఆస్పత్రిలో ఉండాల, మా నాయన ఎన్నేండ్లు బతకలేదా, అన్నాడు. ఇంటికొచ్చినాక నవ్వలేదు. మంచం మీద కూచోని, "ఈ మాట డిపోకు తెలిసిందంటే నన్ను ఘాట్ నుంచి దించేస్తారు. కింద టౌను బస్సు గూడా ఈయరు. టైర్లకు గాలి కొట్టుకోని బతకమంటారు. నువ్వు నోరు తెరవబాక" అన్నాడు. రెడ్డెమ్మకు ఆయన బాధ తెలుసు. ఘాట్ పరీక్ష పాసయిన పొద్దు ఆయన ఇంటికి పూల దండతో వచ్చినాడు. కొండ మీద బండి తోలేవాడంటే ఆయన దృష్టిలో సామికి మనుషుల్ని మోసేవాడు. ఆ స్టీరింగు తీసేస్తే ఆయన దగ్గర ఏం మిగులుతాది? అయినా ఆ రాత్రే చాప వంటింట్లోంచి తెచ్చి మంచం పక్కన వేసుకునింది, చెవిలో దూది లేకుండా పడుకునింది.

వినింది. గురక ఎక్కింది, ఎక్కింది, గోడలు అదిరేంత అయింది, చటుక్కున ఆగిపోయింది. ఇంట్లో ఎప్పుడూ వినని నిశ్శబ్దం. ఇన్నేండ్లుగా ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా వంటింట్లో తను, అబ్బ, ఇప్పటికి ఆగింది, కాసేపు నిద్రపోవచ్చు అనుకునేది. ఆయన ఎంతసేపు ఆపుకున్నాడో తెలుసుకోవాలని తనూ ఊపిరి బిగబట్టింది. ఛాతీ మండింది, చెవులు గుయ్యిమన్నాయి, ఇంక తన వల్ల కాక వదిలేసింది. ఆయన ఇంకా తీసుకోలేదు. లేచి భుజం పట్టుకోబోతా ఉంటే నీళ్ళలో మునిగి లేచినోడి మాదిరి బుస కొట్టి ఊపిరి తీసుకున్నాడు, పక్కకు తిరిగినాడు, మళ్ళా గురక. మళ్ళా ఆగింది. అట్లా ఎన్నిసార్లో, ఆమె ఎంచలేదు. తెల్లారినాక ఆయన లేచి ఒళ్ళు విరుచుకోని, "బో నిద్ర పట్టిందే ఈపొద్దు" అన్నాడు.

అప్పుడే ఇంకోటి తట్టింది, తట్టకుండా ఉంటే బాగుండేది. మామ చిన్నబ్బ పోయింది ఎట్లా? రాత్రి సంగటి తిని పడుకున్నాడు, పొద్దున లేవలేదు. ఎంత పుణ్యం చేసుకున్నాడో, మంచాన పడకుండా, ఒకరి చేత నీళ్ళు పోయించుకోకుండా నిద్రలోనే పోయినాడని ఊరంతా చేతులెత్తి దండం పెట్టినారు. అత్త ఏడస్తా ఏడస్తా గూడా ఆ మాటే చెప్పుకునింది, రాత్రంతా ఎంత బాగా గురక పెట్టినాడో, తెల్లవారుజాము ఆగింది, నిద్ర బాగా ముదిరిందనుకున్న్యానమ్మా అని. మునికృష్ణ ఆ పొద్దు నుంచి ఒకటే మాట, నాకూ మా నాయన చావే ఇయ్యి సామీ అని. మొక్కుకున్నాడు గూడా. వచ్చిన ప్రతి ఏడాదీ సాగిలపడి దండం పెట్టి అదే అడిగినాడు. అడగగూడనిది అడగతా ఉండామని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు?

ఏడో మైలు కాడ హనుమంతుడు కనపడినాడు, చేతులు జోడించుకోని, కొండంత మనిషి. మెట్లదారిలో ఎక్కేవాళ్ళు గోవిందా గోవిందా అంటా ఉండారు, బస్సులో ఒకరిద్దరు నిద్రలోనే పెదాలు కదిపినారు. దాటినారు. ఆయన కండ్లు అద్దంలో బాగానే ఉండాయి. ఒకవేళ డాక్టరమ్మ మాట తప్పేమో. చదువుకున్నోళ్ళు తప్పు చెప్పరా ఏమి. ఈయన ఇన్నేండ్లలో ఒక్క గీత పడకుండా నడపలేదా. మరి చొక్కా జేబుల్లో ఆ మిరక్కాయల వాసన? ఉతికేటప్పుడు తొడిమలు దొరికితే మిరక్కాయ బజ్జీలు తిని జేబులో పెట్టుకున్నాడని తిట్టింది చానాసార్లు. బజ్జీల్లో పెట్టే మిరక్కాయకు తొడిమ అంత పచ్చగా ఉంటాదా? నిద్ర రాకుండా నములుతా ఉండాడా? నములుతా ఉంటే తెలుసు కదా ఆయనకు, తెలిసీ ఒట్టేసినాడా, పిల్ల మీద? చెల్లెలి కొడుకు అన్నప్రాసనలో ఈయన ఆకు ముందర కూచోని నిద్రపోయినాడు, అందరూ నవ్వినారు, తనూ నవ్వింది. క్షవరం కుర్చీలో నిద్రపోయినాడు. రైలు గేటు కాడ స్కూటరు మీద, కాళ్ళు నేలకానించి, గేటు తీసినా కదలకుండా. వెనక లారీవాడు హారన్ కొట్టినాడు. దానికీ నవ్వుకున్నారు ఇంటిల్లిపాదీ. అలసిపోయినాడని ఇంకా ఎక్కువ పడుకోబెట్టినారు, ఇంకా ఎక్కువ తినబెట్టినారు, సెలవు పొద్దు తలకు నూనె పెట్టి పొద్దుగూకేదాకా పడుకోబెట్టినారు, లేచి మళ్ళా ఆవులించినాడు.

ఎదురుగా రోడ్డు రవ్వంత తిన్నగా సాగింది. రెండు మలుపుల మధ్య ఉండే చిన్న దారి, ఒక పక్క చిట్టడివి, ఇంకో పక్క మోకాటి ఎత్తు గోడ, గోడ అవతల ఏమీ లేదు, కిందెక్కడో తిరపతి ఊరు ఎండలో తెల్లగా. అద్దంలో ఆయన రెప్పలు వాలినాయి. లేచినాయి. మళ్ళా వాలినాయి. ఈసారి లేవలేదు. గడ్డం రవ్వంత కిందికి దిగింది. చేతులు స్టీరింగు మీదే ఉండాయి, బలం లేకుండా, ఊరికే పెట్టినట్టు. బండి నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, గోడ దిక్కుకు జరగతా ఉండాది.

"ఇదో! పొద్దున వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందా?"

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. మునికృష్ణ తల ఎగిరి పడింది, చేతులు బిగుసుకున్నాయి, బండి కుదుపుతో రోడ్డు మధ్యకొచ్చింది. వెనక ఒక పిల్ల ఏడ్చింది. "ఏంది? ఏమన్నావు?" "ఉప్పు. వంకాయ కూరలో." రెడ్డెమ్మ లేచి నిలబడింది, ఇంజను పెట్టె మీద చెయ్యి ఆనించింది, కాలింది, తీయలేదు. నెత్తి మీద పలక మీద పెద్ద అక్షరాలతో రాసే ఉండాది, డ్రైవరుతో మాట్లాడరాదు అని. "వదినా, కూచో వదినా, మలుపులుండాయి, ఆయనతో మాట్లాడగూడదు" అని జుల్ఫికర్ వెనక నుంచి అరిచినాడు. "నా మొగుడితో నేను మాట్లాడతా ఉండా, నీ పని నువ్వు చూసుకో అబ్బా!" టోకెను పట్టీ ముసలాయన నిద్ర కండ్లతో, "ఎంతకాలానికి కలిసినారో పాపం, మాట్లాడుకోనీ" అన్నాడు. ఒకరిద్దరు నవ్వినారు. ఏం జరగబోయిందో వాళ్ళకు తెలీదు, తెలియాల్సిన పని గూడా లేదు.

మాట్లాడింది. నోటికేదొస్తే అది మాట్లాడింది. మీ అమ్మ నా పట్టుచీర మీ చెల్లెలికిచ్చింది, ఇంతవరకూ తిరిగి రాలేదు. మహిత లెక్కల్లో వెనకబడింది, నీ పోలికే. పెరట్లో నిమ్మచెట్టు కాయడం లేదు, కొట్టేద్దామంటే వినవు. ఆయన, చీర సంగతి నాకేం తెలుసే అన్నాడు, లెక్కల్లో నాకు నూటికి తొంభై వచ్చినాయి అన్నాడు, అబద్ధాలాడబాక అనింది ఈమె. ఒక మలుపు దాటింది, ఇంకో మలుపు దాటింది. మాటలు అయిపోతాయేమోనని భయమేసి, అనగూడదనుకున్నది గూడా అనేసింది, గొంతు తగ్గించి, ఆయనకు మాత్రం వినపడేటట్టు. "మీ నాయనకూ ఇదే. ఆ పొద్దు ఆయన హాయిగా పోలేదు. ఊపిరాడక పోయినాడు. మనం దండం పెట్టినాం."

మునికృష్ణ గేరు తగ్గించినాడు. రోడ్డు మీదనుంచి చూపు తీయలేదు. "ఇప్పుడు నేను కన్ను మూసినాను కదా" అన్నాడు. "మూసినావు." "ఎంతసేపు?" "తెలీదు." "నాకూ తెలీదే. అదే నాకు భయం. మిరక్కాయ నమిలితే తెలుస్తా ఉండె. ఇప్పుడు దానికీ లొంగడం లేదు." ఒట్టెందుకేసినావని అడగాలనుకునింది, అడగలేకపోయింది. ఇన్నాళ్ళూ ఒక్కడే మోసినాడే ఈ భయాన్ని, ఆ చేతులతోనే, ఈ మలుపుల్లోనే. ఆయన మీద కోపం, జాలి, ప్రేమ అన్నీ ఒక్కసారే వచ్చినాయి, ఆ చేతుల దిక్కే చూస్తా ఉండిపోయింది. "ఏమే, ఆపినావేం? మాట్లాడతా ఉండు. అలిపిరి దాకా ఆపబాక" అన్నాడు. గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఒక్క ముక్క గుర్తు లేదు.

బస్టాండులో బండి ఆగింది. గుండ్లన్నీ లేచి, కవర్లు సర్దుకోని, పిల్లల్ని భుజాన వేసుకోని దిగిపోయినాయి. రెడ్డెమ్మ చివర్న దిగింది. అరచేయి కమిలి ఎర్రగా ఉండాది. కంట్రోలరు గంగాధరం గది కిటికీ ఆడనే ఉండాది. పోవాల. పోయి చెప్పాల. చూసింది కదా కండ్లారా. ఎట్లా చెప్పేది? అన్నా, నా మొగుడు... తర్వాతి మాట రావడం లేదు. అంతలో మునికృష్ణ ఆమె పక్కనుంచే నడిచి పోయినాడు, కిటికీ కాడ నిలబడినాడు. మళ్ళా పైకి పోయే ట్రిప్పు కోసం చీటీ అందిస్తా గంగాధరం, "పైన రద్దీగా ఉండాదంట, వెంటనే తియ్ మునికృష్ణా" అన్నాడు.

"నేను తీయను. నాకు నిద్రొస్తాండాది."

గంగాధరం నవ్వినాడు. అవతల బల్ల మీద కూచోనుండే డ్రైవర్లు నవ్వినారు. ఘాట్ డ్రైవరు నోట ఆ మాట ఎవరూ విన్నది లేదు, ఎగతాళికైనా. మునికృష్ణ నవ్వలేదు. నవ్వులు ఒకటొకటే తగ్గిపోయినాయి. గంగాధరం మంచోడు, గొంతు తగ్గించి, "ఒంట్లో బాగలేదా? పోనీలే, జ్వరమని చెప్పి రాసుకుంటా, రేపు ఎక్కుదువు" అన్నాడు. సులభమైన దారి. రెడ్డెమ్మ ఊపిరి బిగబట్టుకోని చూస్తా ఉండాది.

"జ్వరమని రాయబాక. రేపు గూడా ఎక్కను. నిద్ర జబ్బని రాయి" అన్నాడు మునికృష్ణ.

"అట్లాంటి జబ్బు యాడైనా ఉంటాదా అప్పా? ఏం జబ్బది?"

"మా నాయన పోయిన జబ్బు" అన్నాడు.